మూడో మనిషి చోటు

ప్రయాణం అంటే చాలు, మా చెల్లి అన్నం మానేసి మరీ మ్యాప్ ముందు కూర్చుంటుంది. నేను అలా కాదు. కొత్త ఊళ్ళు చూసేయాలన్న ఉబలాటం నాకేమీ లేదు. చెల్లితో కలిసి తిరగడం ఇష్టం, అంతే. బస్సులో నా భుజం మీద తల వాల్చి నోరు తెరుచుకుని నిద్రపోతుందే, ఆ ఒక్క నిద్ర కోసం నేను ఎన్ని కొండలైనా ఎక్కుతాను.

నేను కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాను. చెల్లి బళ్ళో లెక్కల టీచర్. ఇద్దరం ఒకే ఇంట్లో, మేడ మీద అద్దెకుంటాం. మాకు పెళ్ళిళ్ళు కాలేదని చుట్టాలు దిగులు పడతారు గానీ మేం పడం. బడికి సెలవులిస్తే చాలు, వీపున బ్యాగులు తగిలించుకుని వెళ్ళిపోతాం.

ఎక్కడెక్కడ ఆగాలో తేల్చుకోవడానికి మాదొక పద్ధతి ఉంది. మొదటిసారి బయల్దేరే ముందు, నేను పొరపాటున టీ గ్లాసు తీసుకెళ్ళి మ్యాప్ మీద పెట్టేశాను. గ్లాసు ఎత్తి చూస్తే తడి గుండ్రం ఒక ఊరి చుట్టూ పడి ఉంది. "సరే, ఇక్కడే దిగుదాం" అంది చెల్లి. దిగాం, బాగుంది. అప్పట్నుంచీ అదే రూలు. ఎవరి గ్లాసు వాళ్ళు పెట్టాలి. గుండ్రం పడ్డాక ఆ ఊరు ఖాయం, రెండోవాళ్ళు కాదనకూడదు.

ఇద్దరి మధ్య రూలు బాగానే నడిచింది. ఇద్దరి మధ్య.

ఈ మధ్య చెల్లి బడి మెట్ల మీద జారి మోకాలు విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక రోజూ వచ్చి కాలు వంచి, చాపి, నడిపించడానికి ఒక ఫిజియో అమ్మాయి కుదిరింది. పొడుగ్గా ఉంటుంది, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతుంది. నేను పెట్టిన పేరు మోకాలమ్మ. మోకాలు బాగయింది గానీ మోకాలమ్మ మాత్రం రావడం మానలేదు. ఆదివారాలు కూడా తగుదునమ్మా అని తయారు. పైగా నన్ను "అక్కా" అంటుంది. ఆ మాట మా ఇంట్లో ఒక్కరిదే. ఇంకొకరి నోట వింటే ఎవరో నా పెట్టె తెరిచి నా బట్టలు కట్టుకున్నట్టుండేది.

ఈసారి మేం వెళ్ళాలనుకున్నది ఆగ్నేయాసియాలో సన్నగా, పొడుగ్గా ఉండే ఒక దేశం. పైన కొండల ఊళ్ళలో మొదలుపెట్టి, రైలూ బస్సూ పడవా మారుతూ కిందనున్న దీవి దాకా దిగిపోవాలి. చెల్లి మంచంలో పడుకుని ఉన్నన్నాళ్ళూ నేను దాని పక్కన కూర్చుని చెప్పిన ప్రయాణం అది. నేను చెప్పి చెప్పి దానికి ఆశ పుట్టించిన ప్రయాణం.

"అక్కా, తను కూడా వస్తానంటోంది. మోకాలికి ఏమైనా అయితే పక్కన ఉంటుంది కదా" అంది చెల్లి ఒకరోజు, నా వైపు చూడకుండా.

"నేను లేనూ పక్కన?"

"నీకు మోకాలి గురించి ఏం తెలుసే?"

నిజమే. నాకు కళ్ళ గురించి తెలుసు. ఎదురుగా ఉన్నది కనపడని కళ్ళు ఎలా ఉంటాయో బాగా తెలుసు.

వాన మొదలైన ఒక సాయంత్రం ముగ్గురం చాప మీద మ్యాప్ పరుచుకుని కూర్చున్నాం. చెల్లి గ్లాసు కొండల మీద పెట్టింది. మోకాలమ్మ దీవి మీద పెట్టింది. నేను నది ఒడ్డున ఒక చిన్న ఊరు చూసి పెట్టుకున్నాను. అక్కడ రాత్రిళ్ళు పడవలోనే పడుకోవచ్చట. పడవ చిన్నది, ఇద్దరికే చోటు. అది కావాలనే చూశాను, దాచేదేముంది. గ్లాసు పెట్టి, నొక్కి, ఎత్తాను. గుండ్రం చక్కగా పడింది.

మోకాలమ్మ వంగి చూసింది. "అయ్యో అక్కా, ఇక్కడికి రోజంతా బస్సు. అంతసేపు కాలు ముడుచుకుని కూర్చుంటే మోకాలు పట్టేస్తుంది" అంటూ చేతిరుమాలు తీసి నా గుండ్రాన్ని తుడిచేసింది.

తుడిచేసింది. అంత తేలిగ్గా.

నేను చెల్లి వైపు చూశాను. మన రూలు చెప్తుందనుకున్నాను. అది బుగ్గ గోక్కుంటూ, "నిజమేలే అక్కా, అక్కడ ఏముంది" అంది. "టీ పెట్టుకొస్తా" అని వంటగదిలోకి వెళ్ళిపోయాను.

పాలు పొయ్యి మీద పెట్టి నిలబడ్డాను. బయట వాన బాల్కనీ రేకుల మీద ఒకటే మోత. ముందు గదిలోంచి వాళ్ళ మాటలు వినపడుతున్నాయి. ఇంతలో కరెంటు పోయింది. దానితో పాటే పొయ్యీ ఆరిపోయింది. కరెంటుకీ గ్యాసుకీ ఏం సంబంధమో నాకు ఇప్పటికీ తెలీదు.

కళ్ళు పొడుచుకున్నా కనపడని చీకటి. గ్యాసు వాసన రాలేదు. వేరే వాసన వచ్చింది. ఎన్నాళ్ళుగానో కదలని నీళ్ళ వాసన, అడుగున ఆకులు కుళ్ళిన నీళ్ళు... గిన్నెలు కడిగే తొట్టి దగ్గర్నుంచి కాదు. నా వెనక నుంచి. నా మెడ వెనక గాలి చల్లగా తగిలింది.

"ఆ పిల్ల... వద్దు కదా?"

గుసగుస. నా చెవి పక్కనే. చెల్లి బతిమాలుకోవడానికి వచ్చిందనుకున్నాను. తిరగలేదు. తిరిగితే ఏడ్చేస్తానని భయం.

"తెలిసే అడుగుతున్నావా?" అన్నాను ముక్కు ఎగబీలుస్తూ.

అప్పుడు ముందు గదిలో చెల్లి నవ్వింది.

ఆ నవ్వు నాకు తెలుసు. ఊపిరాడక, చాప మీద కొడుతూ నవ్వే నవ్వు. నా దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా అది అలా నవ్వదు. ఇప్పుడు అక్కడ మోకాలమ్మ దగ్గర నవ్వుతోంది. ముందు గదిలో ఉంది చెల్లి. మరి నా వెనక...

తలుపు మూడడుగుల దూరంలోనే ఉంది, పరిగెత్తొచ్చు. చెల్లి మళ్ళీ నవ్వింది. ఈసారి ఇంకా గట్టిగా.

"ఆమె చోటు... నాకిస్తావా?"

భయం లేదని అనను. కానీ భయం కన్నా ఆ నవ్వే నన్ను ఎక్కువ కాల్చింది. అక్కడ నిలబడి ఆ నవ్వు విననివాళ్ళు నన్నేమీ అనక్కర్లేదు.

"తీసుకో" అన్నాను.

మెడ వెనక చల్లదనం పోయింది. తడి కాళ్ళ చప్పుడు... మెత్తగా... నా పక్కనుంచి... ముందు గది వైపు వెళ్ళింది.

కొవ్వొత్తి వెతికి వెలిగించేసరికి ముందు గదిలో నవ్వులు ఆగిపోయాయి. వెళ్ళి చూస్తే చెల్లి ఫోను వెలుతురు మ్యాప్ మీదకి వంచి కూర్చుంది. మోకాలమ్మ చాప చివర ఉంది. ఇందాక అది కూర్చున్నది చెల్లి పక్కనే. ఇప్పుడు ఇద్దరి మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది.

"అక్కా..." అంది మోకాలమ్మ. దాని పళ్ళు కనపడటం లేదు. "ఎవరో నన్ను జరగమంటున్నారు."

"ఎవరూ?" అంది చెల్లి.

"నడుం దగ్గర నెడుతున్నారు... కొద్దికొద్దిగా..." అంటూనే ఇంకాస్త జరిగింది. చాప దాటి ఉత్త గచ్చు మీదకి వచ్చేసింది. అయినా ఆగలేదు. కూర్చున్న మనిషి కూర్చున్నట్టే గుమ్మం వైపు జరుగుతోంది. కాళ్ళు కదపలేదు. కొవ్వొత్తి వెలుతురులో దాని కళ్ళు మాత్రం నన్నే చూస్తున్నాయి. తెలిసిపోయినట్టు చూస్తున్నాయి.

గుమ్మం తగలగానే లేచింది. చెప్పులు కూడా వేసుకోలేదు. మెట్లు దిగే చప్పుడు వాన చప్పుడులో కలిసిపోయింది. మర్నాడు చెల్లికి "నేను రాను, కారణం అడగొద్దు" అని ఒక్క ముక్క రాసింది. తర్వాత ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు.

నాకు సంతోషం కలగలేదంటే అబద్ధం. కానీ ఆ రాత్రే కరెంటు వచ్చాక మ్యాప్ చూస్తే ఆ సంతోషం కాస్తా చల్లబడింది. నది ఒడ్డున నా గుండ్రం మళ్ళీ పడి ఉంది, తడిగా. దీవి మీద మోకాలమ్మ గుండ్రం లేదు. కానీ అడవి మధ్యలో, ఏ ఊరి పేరూ రాసి లేని చోట, ఇంకో గుండ్రం ఉంది. మా ఇంట్లో ఏ గ్లాసు కిందా అంత పెద్ద గుండ్రం పడదు.

"ఇది తుడిచేద్దామే" అన్నాను.

"గుండ్రం పడ్డాక కాదనకూడదుగా" అంది చెల్లి.

"అక్కడ ఊరే లేదే."

"ఉందట."

"ఎవరు చెప్పారు?"

చెల్లి నన్ను చూసి, ఏమీ తెలియని పిల్లని చూసినట్టు జాలిగా నవ్వింది.

ఆ రోజు నుంచి చెల్లి నాతో మాటలు తగ్గించింది. బెంగపడిందా అంటే అదీ కాదు. హుషారుగానే ఉండేది. చాప మీద ఒక పక్కకి ఒదిగి కూర్చుని, పక్కన చోటు వదిలేది. మ్యాప్ మీద వేలు పెట్టి ఏదో చూపిస్తూ పెదాలు కదిపేది. నేను గదిలోకి వస్తే మానేసేది. మోకాలమ్మ అయితే కంటికి కనపడేది. తిట్టుకోవడానికి ఒక ముఖమైనా ఉండేది. ఇప్పుడు ఎవర్ని తిట్టుకోను?

ఒక తెల్లవారుజామున దాని గదిలోంచి నవ్వు వినపడింది. అదే నవ్వు. ఊపిరాడక, పరుపు మీద కొడుతూ... నేను పిల్లిలా వెళ్ళి తలుపు తీశాను.

చెల్లి నిద్రలో ఉంది. గోడ వైపు తిరిగి, గోడకి అంటుకుపోయి పడుకుంది. నోరు మూసుకునే ఉంది. ఊపిరి నిదానంగా వస్తోంది. నవ్వు మాత్రం ఆగలేదు. మంచంలో ఖాళీగా ఉన్న సగం మీద నుంచి... మా చెల్లి గొంతుతో...

అప్పుడు ఆగింది. నన్ను చూసి ఆగినట్టు.

నా కాళ్ళు వెనక్కి పొమ్మన్నాయి. నేను పోలేదు. "చెల్లీ, కాస్త జరుగు. నేనూ ఇక్కడే పడుకుంటా" అన్నాను గుసగుసగా.

చెల్లి కళ్ళు తెరవలేదు. "చోటు లేదక్కా" అంది.

ప్రయాణానికి ఇంకొక్క రోజే ఉంది. ఆ రోజు షాపులో అద్దాలు రెండు పగలగొట్టాను. ఎలాగైనా ఈ ప్రయాణం ఆపించాలి, లేదంటే నేను దాని పక్కన అంగుళం కదలకుండా ఉండాలి. అదే అనుకుంటూ చీకటి పడకముందే ఇంటికొచ్చాను. చెల్లి స్నానం చేస్తోంది. నీళ్ళ చప్పుడు, కూనిరాగం.

"అక్కా, వచ్చావా?" అంది స్నానాలగది లోపల్నుంచి. "నీ టికెట్టు రద్దు చేయించానే. షాపులో పని ఎక్కువ ఉందిగా నీకు. అంత దూరం నువ్వు నడవలేవు కూడా."

"నేనెప్పుడన్నానే అలా?"

"నువ్వనలేదులే" అంది, మామూలుగా.

గుమ్మం పక్కన గోడకి ఆనించి రెండు బ్యాగులు ఉన్నాయి. ఒకటి చెల్లిది. రెండోది నాది కాదు. నాది ఇంకా అటక మీదే ఉంది, ఖాళీగా. ఈ రెండోదాన్ని నేనెప్పుడూ చూడలేదు. వెలిసిపోయిన గుడ్డ, ఏ రంగో చెప్పడం కష్టం. నిండుగా, బరువుగా ఉంది. చెల్లి బ్యాగుని ఒరుసుకుని, దానికి భుజం ఆనించినట్టు నిలబెట్టి ఉంది.

నిజం చెప్తున్నాను, భయం తర్వాత వచ్చింది. ముందు నాకు కుళ్ళు వచ్చింది. అది నా చోటు. గుమ్మం దగ్గర, ఆ గోడ పక్కన, మా చెల్లి బ్యాగుకి ఆనించి పెట్టేది నా బ్యాగు.

తీసి బయట పారేద్దామని దాని పట్టీలు పట్టుకున్నాను. అవి వెచ్చగా, చెమటతో తడిగా ఉన్నాయి. అప్పుడే ఎవరో భుజాల మీంచి దించినట్టు.