నూట నలభై

రేవుపురం ఆసుపత్రి మూడో అంతస్తు వార్డులో అలారాలు మోగడం మానేసి మూడు నెలలైంది. నలభై మంచాలు. ప్రతి మంచం తల దగ్గరా అరచెయ్యంత తెర, తెర మీద ఒకే ఒక్క అంకె. నూట ముప్పై తొమ్మిది, నూట నలభై ఒకటి, నూట నలభై. అన్నీ ఆకుపచ్చవే. ఉదయం పదింటికి డాక్టర్ వకుళ లోపలికి వచ్చేసరికి పదిహేడో మంచం మీద దుప్పటి ముఖం దాకా కప్పి ఉంది. పైన తెర మాత్రం నూట నలభై చూపిస్తూనే ఉంది.

"ఎప్పుడు?" అని అడిగింది వకుళ.

"ఎనిమిదిన్నరకి మేడం," అంది హెడ్ నర్సు కరుణ. "ఇడ్లీ తినలేను, ఆయాసంగా ఉందంది. తెర చూశాను, పచ్చగానే ఉంది. కాసేపాగి చూద్దాంలే అనుకున్నాను. మందుల బండి తోసుకుని ఆ చివరికి వెళ్ళి వచ్చేలోపు అయిపోయింది."

వకుళ చనిపోయినావిడ చేతికున్న పట్టీ విప్పింది. పొద్దున తీసిన రక్తం పరీక్షలో ఏం తేలిందో ల్యాబుకి ఫోన్ చేసి కనుక్కుంది. అక్కడా నూట నలభయ్యే. పట్టీ తప్పు చెప్పలేదు. ఈ వారంలో ఇది మూడో చావు, మూడూ పచ్చ అంకె మీదే. ఎక్కడ పొరపాటు జరిగిందో ఆమెకి అంతు చిక్కలేదు.

ఆ పట్టీ పేరు సమత. దాన్ని తయారు చెయ్యడానికి వకుళకి పదకొండేళ్ళు పట్టింది. మన రక్తంలో సోడియం ఎప్పుడూ నూట ముప్పై అయిదుకీ నూట నలభై అయిదుకీ మధ్య ఉండాలి. అంతకన్నా తగ్గితే మెదడు కణాల్లోకి నీరు చేరి అవి ఉబ్బుతాయి. మనిషి తికమకపడతాడు, మగతలోకి జారతాడు, బాగా తగ్గితే ఫిట్స్ వస్తాయి. ఆసుపత్రుల్లో చేరేవాళ్ళలో సోడియం తక్కువున్నవాళ్ళు మిగతావాళ్ళకంటే ఎక్కువమంది చనిపోతారని వకుళ చదువుకునే రోజుల్లోనే తెలుసు. అలాగని ఒక్కసారిగా పెంచకూడదు. తొందరపడితే మెదడు మరోలా దెబ్బతింటుంది. అందుకే ఆమె మణికట్టుకి కట్టే పట్టీ ఒకటి తయారుచేసింది. అది చర్మం మీద సన్నటి వెలుగు ప్రసరించి నిమిషానికోసారి సోడియం కొలుస్తుంది. మంచం పక్కనున్న పంపు ఆ కొలతను బట్టి చిక్కటి సెలైనో, అదనపు నీటిని మూత్రంలో పంపేసే మందో, చుక్క చుక్కగా ఎక్కిస్తుంది. మూడు రోజుల్లో ఎవరి అంకైనా నూట నలభైకి వస్తుంది.

తక్కువుంటే చనిపోతున్నారు, సరిచేస్తే బతుకుతారు. లెక్క అంత తేలికనుకుంది వకుళ. పట్టీ రాకముందు ఇలాంటి రోగులు వందమందిలో పదకొండు మంది పోయేవారు. పట్టీ కట్టాక మొదటి నెలలోనూ వందమందిలో పదకొండు మంది పోయారు. రెండో నెలా అంతే. మూడో నెలలో పదమూడు.

ఆ పూటంతా ఆమె పంపులు విప్పి చూసింది, సెలైన్ సీసాల మీద తేదీలు చూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఏదైనా చెడిపోయి ఉంటే బాగుండుననిపించింది. చెడిందాన్ని బాగుచెయ్యడం ఆమెకి తెలుసు. ఇది ఏమిటో తెలియడం లేదు.

మధ్యాహ్నం ఇరవై మూడో మంచం దగ్గర చిన్న గొడవ మొదలైంది. ఆ మంచం మీది రోగి పేరు కోటిలింగం. అరవై రెండేళ్ళుంటాయి. సముద్రపొడ్డున ఉప్పు మడుల్లో నలభై ఏళ్ళు పనిచేశాడు. నాలుగు రోజుల కిందట అతన్ని తీసుకొచ్చినప్పుడు సోడియం నూట పదహారు. అప్పుడు ఈ వార్డు రైల్వే స్టేషన్ అనుకున్నాడు. మతి కుదుటపడేదాకా మూడు రోజులు వకుళ పక్కనే కూర్చుని అతని మాటలు పుస్తకంలో రాసుకుంది. ఇవాళ అంకె నూట ముప్పై ఎనిమిది. ఊరి పేరు, తన పేరు, వారం, తేదీ అన్నీ తడుముకోకుండా చెప్పాడు. అంకె ఒక రోజంతా పచ్చగా ఉంటే ఇంటికి పంపెయ్యొచ్చన్నది నియమం. కాగితాలు కూడా సిద్ధమయ్యాయి. అతని భార్య అంకమ్మ మాత్రం కదలనంటోంది.

"ఇంటికెళ్ళమంటే సంతోషించాలి కదమ్మా," అంది వకుళ.

"మాట బాగుపడింది డాక్టరమ్మా. మనిషి బాగుపడలా," అంది అంకమ్మ. "రెండు మెతుకులు తిని కంచం నెట్టేస్తన్నాడు. ఎముకలు బయటికొచ్చినయి చూడు. అసలు నాకొకటి చెప్పు. నలభై ఏళ్ళు ఉప్పులో నానిన మనిషికి ఉప్పు తగ్గడమేంది?"

వకుళ ఈ ప్రశ్నకి ఎందరికో జవాబు చెప్పింది. ఈవిడకి అర్థమయ్యేలా చెబుదామని స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఉప్పు తగ్గలేదమ్మా, నీళ్ళు ఎక్కువయ్యాయి. మీ మడిలో ఉప్పునీళ్ళు ఉన్నాయనుకోండి. వానొచ్చింది. ఉప్పు ఎక్కడికీ పోలేదు, నీళ్ళు చేరి పలచబడిపోయింది. మీ ఆయన ఒంట్లోనూ అంతే. ఈ యంత్రం దాన్ని మళ్ళీ చిక్కబరుస్తుంది."

అంకమ్మ కాసేపు పంపు వైపు చూసింది. "వానకాలం కాదుగా ఇది," అంది. "ఎండ కాసేటప్పుడు మడి పలచబడిందంటే ఎక్కడో గట్టు తెగి కాలవ నీళ్ళు దూరతన్నాయనుకుంటాం. గట్టు చూసుకుంటాంగానీ ఉప్పు తెచ్చి మడిలో పోస్తామా? పోసినా ఎంతని పోస్తాం, నీళ్ళు వస్తానే ఉంటయిగా."

వకుళ లేచి పంపు దగ్గరికి వెళ్ళింది. ఆమెకి తెలియని సంగతి కాదు. గుండె నీరసించినా, ఊపిరితిత్తుల్లో ఏదైనా చేరినా, కాలేయం పాడైనా ఒళ్ళు నీటిని పట్టి ఉంచుతుంది. వైద్య కళాశాలలో మొదటి ఏడాది పాఠమే అది. పదకొండేళ్ళుగా అంకె మీదే చూపు పెట్టి, ఆ పాఠం ఎక్కడో జారవిడిచినట్టుంది. లేక ఇప్పుడు కూడా తప్పుగానే ఆలోచిస్తోందా? అదీ తేల్చుకోలేకపోయింది.

"ఈ పంపు ఇవాళ ఎంత ఎక్కించింది?" అని కరుణని అడిగింది.

"అది తెర మీద రాదు మేడం. మీరే వద్దన్నారుగా, ఒక్క అంకె ఉంటే చాలు, నర్సులు కంగారు పడకుండా ఉంటారని."

నిజమే, తనే వద్దంది. వకుళ కిందికి వెళ్ళి, కంప్యూటర్లో పంపు నమోదు చేసిన వివరాలు తెరిచింది. మామూలుగా కోలుకునేవాళ్ళకి రెండో రోజుకే పంపు పని తగ్గిపోయి, మూడో రోజుకి దాదాపు ఆగిపోవాలి. కోటిలింగం పంపు మొదటి రోజుకన్నా నాలుగో రోజు రెండింతలు పనిచేసింది. అంకె కదలకుండా ఉండటానికి లోపల అంత పెనుగులాట జరుగుతోంది. పదిహేడో మంచం వివరాలు తెరిచింది. అక్కడా అంతే. ఆవిడ చనిపోయిన ఉదయం పంపు ఎన్నడూ లేనంత వేగంగా నడిచింది. మూడు నెలల్లో పోయిన ముప్పై అయిదు మంది పేర్లూ ఒక్కొక్కటే తెరిచింది. ఇరవై తొమ్మిది మందికి పంపు వేగం చూపే గీత అదే, పైకి ఎక్కుతూ ఎక్కుతూ చివర తెగిపోయిన గీత.

పూర్వం అంకె ఎంతకీ పెరగకపోతే డాక్టర్లు అనుమానపడి గుండె చూసేవారు, స్కానింగ్ తీసేవారు. ఇప్పుడు అనుమానపడే పనే లేదు. లోపలి జబ్బు కేకేస్తుంటే సమత దాని నోరు మూసింది.

వకుళ పైకొచ్చి ఇంటికి పంపే కాగితాలు చించేసింది. కోటిలింగం ఛాతీకి స్కానింగ్ తీయించింది. కుడి ఊపిరితిత్తిలో నిమ్మకాయంత గడ్డ ఉంది. నీటిని పట్టి ఉంచమని ఒంటికి ఆజ్ఞ ఇచ్చే హార్మోన్‌ని ఆ గడ్డే తయారుచేసి రక్తంలోకి వదులుతోంది. ఆ వారంలో మిగతా మంచాల వాళ్ళకీ పరీక్షలు చేశారు. ఇద్దరికి న్యుమోనియా, ఒకరికి గుండె జబ్బు బయటపడ్డాయి. ఆ ముగ్గురూ బతికారు. కోటిలింగం గడ్డ అప్పటికే ముదిరిపోయింది. మందులతో కొన్ని నెలలు పొడిగించవచ్చు, అంతే.

వకుళ నివేదిక రాసింది. సమత చావుల్ని తగ్గించలేదనీ, జబ్బుని కనిపించకుండా చేసిందనీ, సోడియం తగ్గడానికి కారణం తెలిసేదాకా ఎవరికీ కట్టకూడదనీ ఉన్నదున్నట్టు రాసి ఆసుపత్రి కమిటీకి పంపింది. తనని పొమ్మంటారనుకుంది. కమిటీ అధ్యక్షుడు పిలిచి కాఫీ ఇచ్చి, ఇంకో నాలుగు వందల పట్టీలు కావాలన్నాడు.

"చావులు తగ్గలేదని రాశాను, చదివారా?" అంది వకుళ.

"చదివాను. కానీ బయట ఎవరూ చావుల గురించి అడగడం లేదండీ. మా నాన్న నన్ను గుర్తుపట్టాడు, ఆఖరి రోజు దాకా తెలివిగా మాట్లాడాడు, మా అమ్మకి కూడా కట్టండి అంటున్నారు. పట్టీ లేని వార్డులో చేరమంటే ఒప్పుకోవడం లేదు. వాళ్ళకి నేనేం చెప్పను?"

పంపు ఎంత పని చేస్తోందో పెద్ద అక్షరాల్లో తెర మీద కనిపించేలా మార్చాకే ఇస్తానని వకుళ చెప్పి వచ్చేసింది. గెలిచిందో ఓడిందో ఆమెకి తెలియలేదు.

ఆ సాయంత్రం ఇరవై మూడో మంచం దగ్గరికి వెళ్ళింది. కోటిలింగానికి గడ్డ సంగతి చెప్పాల్సింది తనే. చెప్పింది. అతను మధ్యలో అడ్డురాకుండా అంతా విన్నాడు. పట్టీ పుణ్యమా అని ప్రతి మాటా స్పష్టంగా అర్థమైంది.

"పండక్కి ఉంటానా?" అని అడిగాడు.

"దీపావళికి ఉంటారు. ఆ తర్వాత చెప్పలేను."

అతను తలూపి గోడ వైపు తిరిగాడు. అంకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయింది. వకుళ ఆమె వెనకే వెళ్ళింది.

"ముప్పై అయిదేళ్ళ కాపరంలో ఆయన నాతో మాట్లాడింది తక్కువ డాక్టరమ్మా," అంది అంకమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "పనికి పోతన్నా, అన్నం పెట్టు, అంతే. ఆ మతి చెడిన మూడు రోజులూ ఎంత మాట్లాడాడో. నీ చేతులు ఉప్పుకి పగిలినయ్యే, నూనె రాస్తా ఇటియ్యి అన్నాడు. మీరు తెలివి తెప్పించారు. మళ్ళీ నోరు మూసేశాడు."

వకుళ ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. మర్నాడు పొద్దున వెళ్ళేసరికి కోటిలింగం మంచం మీద లేచి కూర్చుని పట్టీని వేలితో తడుముతున్నాడు. అంకమ్మ పక్కన స్టూలు మీద ఉంది. రాత్రి ఇద్దరి మధ్యా ఏదో మాట జరిగినట్టుంది.

"డాక్టరమ్మా, ఇది తీస్తే మళ్ళీ మతి పోద్దా?"

"పోతుంది. రెండు రోజుల్లో."

"మతి లేనప్పుడు ఈమెతో మంచిగా మాట్లాడానంట. నాకొక్క ముక్కా గుర్తులేదు." పట్టీ మీంచి వేలు తీసేశాడు. "తియ్యొద్దులే. ఏమే, ఏమన్నానో చెప్పు. మళ్ళీ అంటా."

అంకమ్మ తల వంచుకుంది. చేతులకి నూనె రాస్తానన్న సంగతి చెప్పింది. అతను ఇబ్బందిగా గొంతు సవరించుకుని ఆ మాట అన్నాడు, బడిలో పాఠం అప్పజెప్పినట్టు. ఆమె ఇంకోటి చెప్పింది. అదీ అన్నాడు.

"పెళ్ళైన కొత్తలో నన్ను కొట్టినందుకు, తప్పయిందే అన్నావు," అంది అంకమ్మ మూడోసారి.

పట్టీ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి వకుళ అతనికి మతి చెడిన ఆ మూడు రోజులూ ఈ మంచం దగ్గరే కూర్చుంది. అతని ప్రతి మాటా రాసుకుంది. ఆ మాట అతను అనలేదు. ఆమె పుస్తకంలో ఎక్కడా లేదు.

కోటిలింగం భార్య వైపు చాలాసేపు చూశాడు. అలా అన్నానా అని అడగలేదు.

"తప్పయిందే," అన్నాడు.

వకుళ తెర మీద అంకె చూసింది. నూట నలభై. పుస్తకంలో ఏమీ రాయకుండా పక్క మంచానికి వెళ్ళిపోయింది.