గోదావరిలో మునిగేముందు

ఒక్క నిమిషం ఆగండి. వేలితో పైకి తోసేసి వెళ్లిపోకండి. కూర్చుని మొత్తం వినండి, ఎందుకంటే చివర్లో మిమ్మల్నే ఒక మాట అడుగుతాను.

గోదావరిఖనిలో ఆదివారం పొద్దున. గని కార్మికుల క్వార్టర్‌లో జమున కోడికూరకి అల్లం దంచుతోంది. ముందుగదిలో ఆమె భర్త కొమురెల్లి తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ఇరవై ఆరేళ్లుగా బొగ్గుబావిలో దిగుతున్న మనిషి. పదకొండు గంటలకు గోదావరిలో అతనికి బాప్తిస్మం. ఏడాదిగా చర్చికి పోతున్నాడు. జమున మొదట్లో గొడవపడింది, తర్వాత విసిగి ఊరుకుంది.

“మా తమ్ముడు తొమ్మిదింటికి వస్తడు. వాడు తిన్నంక పోదువు. గోదారి గంగ యాడికి పోదు” అంది.

“వాడు రావాల్నే. వానికో ముచ్చట చెప్పేది ఉంది.”

“ఏం ముచ్చట? వాన్ని గూడ ముంచుతవా ఏంది?”

కొమురెల్లి నవ్వలేదు. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, ఆమెకు ముందు చెప్పాడు.

జమున తమ్ముడు ఉపేందర్‌ది కూడా అదే బావి, అదే షిఫ్టు. మూడేళ్ల కింద పైకప్పు బొగ్గు ఊడి అతని మీద పడింది. కొమురెల్లి ఉత్త చేతులతో పెళ్లలు తీసి, భుజాన వేసుకుని బయటికి తెచ్చాడు. ప్రాణం దక్కింది. కుడికాలు మోకాలి కింద పోయింది. ఇప్పుడతను పైనే ఉండి, దిగేవాళ్లకు లైట్లు ఇచ్చే పని చేస్తున్నాడు. లైటు తీసుకున్న ప్రతివాడికీ ఒకటే చెప్తాడు, మా బావ లేకుంటే నేను లేనని. కూతురు పుడితే మొదట ఈ బావ ఒళ్లోనే పెట్టాడు.

అయితే ఇంట్లో ఎవరికీ తెలియంది ఒకటుంది. బావిలో పనికి ముందు సబ్బలితో, అంటే గునపంతో, పైకప్పు కొట్టి చూస్తారు. ఖంగుమంటే గట్టిది. డొల్లగా మోగితే ఊడబోతోందని, కింద ఆసరాగా కర్ర దిమ్మె నిలబెట్టాలి. ఆరోజు కొట్టి చూసింది కొమురెల్లే. డొల్లగానే మోగింది. దిమ్మె పెట్టాలంటే అరగంట. షిఫ్టు అయిపోవస్తోంది. వెనక షిఫ్టోళ్లు పెడతార్లే అనుకుని, “ఏం కాదు, పో” అన్నాడు. ఉపేందర్ దాని కిందికి వెళ్లాడు.

“మూడేండ్లాయె జమునా. చర్చిల మోకాళ్ల మీద కూసుంటే పాణం జర నిమ్మళమైతది. ఇంటికొచ్చినంక వాడు ‘బావా’ అంటడు, మల్ల మొదటికొస్తది. పాస్టరయ్యను అడిగిన. దేవున్ని మాఫీ అడిగినవ్ గాని ఉపేందర్‌ని అడగలే గదా అన్నడు.”

జమున అల్లం దంచే రోలు పక్కకు నెట్టింది. తర్వాత లేచింది.

“నీ నిమ్మళం కోసం వాని పాణం తీస్తవా? వానికి కాలు పోయింది. మా బావ దేవుడు అనుకుంట బతుకుతుండు. అది గూడ గుంజుకుంటవా?”

“ఆ దేవుడు అనుడే నన్ను తింటున్నది.”

“నౌకరి పోతే? మా అవ్వకు తెలిస్తే? నీ ప్రభువుకు చెప్పుకున్నవ్ గదా, ఆడికే ఆపు!”

బయట మూడు చక్రాల స్కూటీ ఆగింది. ఉపేందర్ కర్రతో లోపలికొచ్చాడు.

“అక్కా, కూర వాసన గల్లీ దాంక వస్తుంది! ఏం బావా, పెండ్లిపిలగాని లెక్క తయారైనవ్? గంగల మునిగితే బొగ్గు మసి పోతదా?”

జమున వంటింటి గుమ్మంలోంచి వద్దని తల ఊపింది. కొమురెల్లి చూశాడు. చూసి కూడా బామ్మర్ది ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

“ఆ దినం పైకప్పు డొల్లగ మోగింది ఉపేందర్. అయినా నిన్ను పొమ్మన్న.”

ఉపేందర్ నవ్వు వెంటనే పోలేదు. కొంచెం కొంచెంగా పోయింది. ఒక్కటే అడిగాడు.

“అనుమానమొచ్చిందా? పక్కాగ వినవడ్డదా?”

అనుమానం అంటే సరిపోయేది. జమున ఆ మాట కోసమే ఊపిరి బిగబట్టింది.

“పక్కాగ వినవడ్డది.”

“నా బిడ్డను నీ ఒళ్లె పెట్టిన బావా” అని ఉపేందర్ లేచాడు. స్కూటీ వెళ్లిపోయింది.

“అయిందా? ఇప్పుడు నిమ్మళమైందా?” జమున అరిచింది.

కొమురెల్లి ఆలోచించాడు. “అయింది” అన్నాడు. అతనికే ఆశ్చర్యమేసింది. “ఏడుపొస్తుంది. వాడు మల్ల రాకపోవచ్చు. గానీ నా లోపల దాసుకునేది ఏం లేదు.”

ఒక్కడే నదికి వెళ్లాడు. అక్కడ పాస్టరు, ఓ పదిహేను మంది ఉన్నారు. మునిగి లేచి కళ్లు తుడుచుకునేసరికి ఒడ్డున తువ్వాల పట్టుకుని జమున ఉంది. వస్తానని చెప్పలేదు. ఆమె వెనక, రోడ్డంచున, ఉపేందర్ స్కూటీ మీద కూర్చుని ఉన్నాడు. దిగలేదు. కొమురెల్లి తడిబట్టలతోనే అక్కడికి ఎక్కాడు.

“మాఫ్ జేసిన అనుకోకు” అన్నాడు ఉపేందర్. “కోపముంది. శాన దినాలుంటది. నువ్వు చెప్పకుంటే నాకు సచ్చేదాంక తెల్వకపోతుండె. గదొక్కటి ఆలోచన జేసుకుంట ఇంత దూరం వచ్చిన. ఇంక ఏం జెయ్యాల్నో తెలుస్తలేదు.”

ఒడ్డు వాలుగా ఉంది, ఇసుక జారుతోంది, ఒంటికాలితో దిగలేడు. కొమురెల్లి చెయ్యి చాపాడు. జమున నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. ఉపేందర్ ఆ చేతినే చూస్తున్నాడు. అతను పట్టుకున్నా పట్టుకోకపోయినా, దాన్ని వెనక్కి తీసుకోనని కొమురెల్లికి తెలుసు.

ఇప్పుడు చెప్పండి. ఆ స్కూటీ మీద మీరుంటే, ఆ చెయ్యి పట్టుకుని దిగేవాళ్లా?