మిషనత్త వైపు నీడ

"ఆపండి! ఇంక ఆపండి!" అని చిచ్చుబుడ్డి అరిచింది. రంపం చప్పుడులో ఆ అరుపు ఆమెకే వినపడలేదు.

అసలు పేరు వేరే ఉందిలెండి. కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి ఇంట్లో అందరూ అలా పిలుస్తారు. అలా పిలిచినందుకూ ఆమెకు కోపమే.

పెరట్లో బాదం చెట్టు కొమ్మలు ఒక్కొక్కటే తాళ్ళతో కిందికి దిగుతున్నాయి. చిచ్చుబుడ్డి హోంవర్కు చేసింది, అలిగి కూర్చుంది, పన్ను ఊడితే ఏడ్చింది, అన్నీ ఆ చెట్టు కిందే.

"లోపలంతా డొల్ల అయిపోయిందమ్మా. గాలివానొస్తే మన ఇంటి మీదే పడుతుంది" అని నాన్న ముందే చెప్పాడు. అది ఆమె చెవికెక్కలేదు. అసలు కారణం ఎవరో ఆమెకు తెలుసు. గోడ అవతలి మిషనత్త!

మిషనత్త బట్టలు కుడుతుంది. ఇంట్లో వెలుతురు చాలదని కుట్టు మిషన్ బయటే, గోడ పక్కన వేసుకుంటుంది. రోజూ ఒకటే సణుగుడు. "ఈ చెట్టుతో చస్తున్నానమ్మా! ఆకులు ఊడ్చలేక నడుం పడిపోతోంది."

'నాన్న చెవిలో ఇల్లు కట్టుకుని పోరి ఉంటుంది' అనుకుంది చిచ్చుబుడ్డి.

చెట్టు కొట్టేవాళ్ళు అన్నాలకు లేచారు. ఆమె గబగబా రంపపు పొట్టును చేటలోకి ఎత్తి, గోడ మీంచి అవతలికి కుమ్మరించింది.

"ఊడ్చుకో! బాగా ఊడ్చుకో!" అని లోలోపలే గొణుక్కుంది.

"అయ్యయ్యో!" అని అటునుంచి కేక.

చిచ్చుబుడ్డి ఒక దుంగ ఎక్కి తొంగి చూసింది. మిషన్ మీద తెల్ల గౌను. ఎల్లుండి స్కూల్లో పాటల పోటీకి ఎవరో పాప వేసుకోవాల్సింది. పొట్టు పచ్చిగా ఉంది. మిషనత్త దులిపేకొద్దీ గౌను మీద గోధుమరంగు మరకలు తేలుతున్నాయి.

"చూశావా? మీ చెట్టు పోతూ పోతూ నాకు పని పెట్టి పోయింది. గాలికి ఎగిరొచ్చినట్టుంది" అంది మిషనత్త. నెత్తిన కొంగు కప్పుకుని ఉంది. మొహమంతా చెమట.

"నీకు హాయే కదా అత్తా, ఆకులు ఊడ్చే పని తప్పింది."

"హాయా? నీడ పోయి ఎండకి మాడు పగిలిపోతోంది. ఆకుల్ని తిట్టాను, నిజమే. ఇంట్లోవాళ్ళని తిట్టమూ? మీ నాన్న కొట్టిస్తానంటే వద్దు బాబూ అని బతిమాలాను. లోపలి డొల్ల చూపించాక ఇంక నోరెత్తలేకపోయాను."

అత్త గొంతు జీరబోయింది. చిచ్చుబుడ్డికి ఏడుపు వచ్చేసింది.

"గాలి కాదత్తా. నేనే పోశాను. నువ్వే కొట్టించావనుకున్నాను."

అత్త దులపడం ఆపి ఆమె వైపు చూసింది.

"ఇంత బుల్లి ముక్కు మీద అంత కోపం ఎలా పట్టిందే!" అంది. "ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని, ముందు నీళ్ళు పట్టుకురా. ఆరితే మరక పోదు."

ఇద్దరూ సబ్బు పెట్టి గౌనును మెల్లగా రుద్దారు. చిచ్చుబుడ్డి వేళ్ళు నానిపోయి ముడతలు పడ్డాయి. అన్ని మరకలూ పోయాయి, ఒక్కటి తప్ప. దాని మీద అత్త తెల్ల గుడ్డతో చిన్న పువ్వు కుట్టేసింది.

సాయంత్రం చెట్టు ముక్కల్ని వ్యాన్‌లోకి ఎక్కిస్తున్నారు. నాన్న చిచ్చుబుడ్డి తల నిమిరాడు.

"గుర్తుగా ఒక ముక్క దాచుకుంటావా?"

"ఆ రెండు పొడుగు కొమ్మలూ కావాలి."

"అంత పెద్దవా? ఏం చేస్తావమ్మా?"

"అత్త మిషన్ దగ్గర రాటలు పాతు నాన్నా. పైన నా దుప్పటి కడతాను."

మర్నాడు స్కూలుకు సెలవు. ఎండ ఎక్కేసరికి రాటలు నిలబడ్డాయి. వాటికీ గోడ మేకులకీ కలిపి కట్టిన దుప్పటి పొట్టిదైపోయింది. నీడ మిషన్ మీద పడింది కానీ, అత్త ఒక భుజం ఎండలోనే ఉండిపోయింది.

"చాల్లేవే తల్లీ, లోపలికి పో. నల్లబడిపోతావు" అంది అత్త.

చిచ్చుబుడ్డి వెళ్ళలేదు. ముడి విప్పి, దుప్పటి అంచు రెండు చేతులా పట్టుకుని స్టూలెక్కింది.

"ఇంకొంచెం ఇటు లాగనా, అత్తా?"