తాళం వేసిన అక్షరాలు

"ఏమప్పా, ఈ డబ్బాలు చదివేదానికి మా డ్రైవర్లను యాడికి పంపల్ల? చీనాకా?"

బ్రూస్‌పేటలో గోపాలయ్యగారి ప్రింటింగ్ షాపు మెట్లెక్కుతూనే హిమజ నా టేబుల్ మీద కాగితాలు పడేసింది. ఆమె రాసిన పుస్తకం రాతప్రతి వాళ్ళ ఆఫీసు క్లర్కు తెచ్చిచ్చాడు కాబట్టి మనిషిని చూడటం అదే మొదలు.

బయట తొలకరి వాన. అది ఇనుప గనులు జోరుగా నడుస్తున్న రెండువేల ఆరో సంవత్సరం. ఖనిజం దుమ్ము కలిసి బళ్ళారిలో మొదటి వాన ఎర్రగా పడేది. ఆమె తెల్ల చున్నీ నిండా ఎర్రటి చుక్కలు. కోపానికి ముక్కు కూడా ఇంచుమించు ఆ రంగులోనే ఉంది. నేను చూడాల్సింది కాగితాలు. చూస్తున్నది చుక్కలు.

"ఈడ కాదు, ఆడ చూడు," అంది కాగితాల మీద వేలు పెట్టి.

చూశాను. నేను తెలుగులో కంపోజ్ చేసిన అరవై నాలుగు పేజీలు హుబ్బళ్ళి ప్రెస్సులో డబ్బాలుగా, చుక్కలుగా, ఇంగ్లీషు అక్షరాలుగా అచ్చయ్యాయి.

"మా సిస్టమ్‌లో బాగానే ఉండాది మేడమ్," అన్నాను. మా డీటీపీ వాళ్ళకు అన్నిటికన్నా ముందు వచ్చే మాట అది.

"అయితే నీ సిస్టమ్‌నే ఎత్తుకపోయి మీటింగులో పెట్టేదా?"

మీటింగు సంగతి నాకు తెలుసు. హిమజ వాళ్ళ నాన్న ఇంద్రసేనగారు పత్తి రైతు. గనులొచ్చాక పద్నాలుగు టిప్పర్లకు యజమాని అయ్యారు. పోయినేడు మంగళూరు ఘాట్‌లో బండి గుద్దుకుని వాళ్ళ డ్రైవరు వెంకటరామి కాలు నలిగింది. రక్తం ఆపడానికి గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలని పక్కనున్న నలుగురిలో ఒక్కరికీ తెలియలేదు. ప్రాణం దక్కింది గానీ నడక కుంటయింది. ఆ తర్వాతే హిమజ డ్రైవర్ల కోసం ఈ జేబు పుస్తకం రాసింది. శనివారం లారీ ఓనర్ల సంఘం దీన్ని చూస్తుంది. ఒప్పుకుంటే ప్రతి బండిలో పుస్తకం ఉంటుంది, డ్రైవర్ల ట్రైనింగ్ ఆమె చేతికొస్తుంది.

"ఒప్పుకోకపోతే ఆదివారం పెండ్లిచూపులు. నాయన మాట తీసుకున్నాడు," అంది. ఈసారి గొంతులో కోపం లేదు. నాకు ఎందుకో ఆ పెళ్ళికొడుకు మీద కోపమొచ్చింది.

"మామూలు తెలుగు అక్షరాల్లో చేసి పంపించేదా మేడమ్?"

"వద్దు. పేపరు అక్షరాలు చూస్తే మా వెంకటరామి మడిచి జేబులో పెట్టుకుంటాడు. బండి మీద రాసే అక్షరాలైతే గడగడా చదువుతాడు. దినామూ చూస్తాంటాడు గదా. అందుకే ఈ అక్షరాలే కావల్లని చెప్పి పంపించినా."

లావు పొట్ట, పొడుగు తోక, పక్కన నీడ. ఆ అక్షరాల గురించి నాకు చాలా తెలుసు. అది బయటపెట్టకుండా హుబ్బళ్ళి ప్రెస్సు పద్మనాభకు ఫోన్ చేశాను.

"అక్షర ఇల్ల సార్, బరీ డబ్బి!" అన్నాడాయన కన్నడంలో. అక్షరాలే లేవు, అన్నీ డబ్బాలేనట. సాయంత్రం ఐదు లోపల మంచి ఫైలు రాకపోతే శనివారానికి కాపీలు ఇవ్వలేనన్నాడు. గడియారంలో రెండు దాటింది.

పక్క నెట్ సెంటర్‌లో, ప్రెస్సుకు పంపిన పీడీఎఫ్‌నే తెరిచాం. అక్కడా డబ్బాలే.

"చూసినావా, ప్రెస్సోళ్ళ తప్పు కాదు," అంది. ఆ గెలుపుకే ఆమె కళ్ళు మెరిశాయి. తిట్టించుకోవడం కూడా ఇంత బాగుంటుందని నాకు అంతవరకు తెలియదు.

షాపుకొచ్చి ఫైలు ప్రాపర్టీస్‌లో ఫాంట్ల జాబితా చూపించాను. "పీడీఎఫ్ పంపేటప్పుడు ఫాంట్‌ను కూడా దాని లోపలే పెట్టి పంపల్ల మేడమ్. దాన్నే ఎంబెడ్ అంటారు. పెట్టకపోతే అవతలి సిస్టమ్ తన దగ్గరున్న ఏదో ఫాంట్ తగిలిస్తాది. మన ఫాంట్ పేరు పక్కన ఎంబెడెడ్ అని లేదు, చూడండి."

"అంటే పెండ్లివాళ్ళను బస్సెక్కించి పెండ్లికూతుర్ని ఇంట్లోనే మర్సిపోయినావు."

అన్ని ఫాంట్లూ ఎంబెడ్ చేయమని టిక్కు పెట్టి మళ్ళీ పీడీఎఫ్ చేశాను. మెసేజ్ వచ్చింది. ఈ ఫాంట్‌ను ఎంబెడ్ చేయడానికి లైసెన్సు ఒప్పుకోదట.

హిమజ రెండుసార్లు చదివింది. "అంటే ఎవురో కావాల్నే తాళమేసినారా? ఎవుడప్పా వాడు? అక్షరాలు ఇంత బాగా చేసి బయటికి పోగూడదని బీగమేసేదేంది? వాని మొగం చూడాలనుండాది నాకు. ఇట్లాంటి బుద్ధి ఉండేవానికి పెండ్లి కూడా కాదు, రాసిపెట్టుకో."

"కాలేదు," అన్నాను.

"నీకెట్ల తెల్సు?"

నోరు జారాక వెనక్కి తీసుకునే బటన్ ఏ కీబోర్డులోనూ లేదు. ఆమె నన్ను చూసింది, స్క్రీన్ చూసింది, మళ్ళీ నన్ను చూసింది.

"నువ్వేనా?"

తలవంచుకుని చెప్పాను. మా నాన్న కోటిలింగం లారీల మీద పేర్లు రాసే పెయింటరు. రేడియం స్టిక్కర్లు వచ్చాక ఒక షాపువాడు నాన్న రాసిన బండినే ఫోటో తీసి, ఆ అక్షరాలనే మిషన్‌లో కోసి అమ్మాడు. నాన్నకు పని సగం తగ్గింది. ఆ కోపంలో ఏడాది కూర్చుని ఆయన కుంచె పోకడలన్నీ ఆయన పేరుతోనే ఫాంట్‌గా గీశాను, ఇంకెవరూ తీసుకుపోకుండా తాళం వేశాను. వేసిన సంగతి మూడేళ్ళలో నేనే మరిచిపోయాను.

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది.

"వేరే దారి లేదా?" అంది మెల్లగా.

"పేజీలన్నీ బొమ్మలుగా మార్చచ్చు. ఒక్కొక్కటే చెయ్యల్ల. ఐదుకు కాదు."

"తాళం తీసేకి?"

"రెండు నిముషాలు."

"మరి తీయవేంది?"

"తీస్తే ఎవురైనా వాడుకుంటారు మేడమ్. అవి మా నాయన అక్షరాలు."

"అయితే మీ నాయననే అడుగుదాం. పా!"

గోపాలయ్యగారి గొడుగు ఒక్కటే ఉంది. అందులో ఒకటిన్నర మనుషులు పడతారు. ఆ సగం నేనయ్యాను. లారీ స్టాండుకు చేరేసరికి నా ఎడమ భుజం ఎర్రగా తడిసింది, కుడి భుజానికి మాత్రం చాలా సంతోషంగా ఉంది.

నాన్న టార్పాలిన్ కింద ఒక బండి నుదుటి మీద పేర్లు రాస్తున్నాడు. హిమజ వచ్చిన పని మరిచిపోయి కుంచెనే చూస్తూ నిలబడింది.

"ఎవురి పేర్లు ఇవి, పెద్దనాయనా?"

"ఓనర్ పిల్లలవి తల్లీ. వెనక ఏమన్నా రాయించుకోనీ, బండి నొసటన మాత్రం ఇంటి మనుషుల పేర్లే."

నేను గొణుక్కుంటూ సంగతంతా చెప్పాను. నాన్న కుంచె డబ్బాలో ముంచి పకపకా నవ్వాడు.

"నా అక్షరాలు మంగళూరు రేవు దాకా పోతాండాయి. ఎండలో, వానలో, అందరి ముందర. యాడన్నా దాచినానా? దొంగ ఒకడు తీసుకపోయినాడని వెంకటరామి అసుమంటోల్లు చదువుకోగూడదా? తీయిరా తాళం!"

మూడేళ్ళ కోపం ఆ నవ్వులో కొట్టుకుపోయింది. నాకు సిగ్గేసింది, తేలికగానూ అనిపించింది.

పరుగున వచ్చి ఫాంట్‌లో ఎంబెడ్ అనుమతి మార్చి, మళ్ళీ ఎక్కించి, పీడీఎఫ్ చేశాను. అదే మెసేజ్. సిస్టమ్ ఆపి తెరిచాను. అదే మెసేజ్. నాలుగున్నర. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టబోయాను.

"ఆగు," అంది హిమజ. కుర్చీ లాక్కుని ఫాంట్ల ఫోల్డరు పైనుంచి కిందికి చూసింది. "ఈ పేరు రెండుసార్లు ఉండాదే?"

నిజమే. తాళమున్న పాత ఫాంట్ ఇంకా అక్కడే కూర్చుని ఉంది. సిస్టమ్ దాన్నే పట్టుకుంటోంది. పాతదాన్ని పీకేశాను. మళ్ళీ పీడీఎఫ్. ప్రాపర్టీస్ తెరిచాం, ఇద్దరం ఒకే మౌస్ మీద చెయ్యేసి.

కోటిలింగం. ఎంబెడెడ్ సబ్‌సెట్.

"సబ్‌సెట్ అంటే?"

"పుస్తకంలో వాడిన అక్షరాల వరకే లోపల పెట్టుకుంటాది."

"చాలు!" అని ఆమె చప్పట్లు కొట్టింది. గోపాలయ్యగారు లోపలి గది నుంచి కంగారుగా వచ్చి ఏంది ఏందన్నారు.

ఫైలు పంపాం. ఐదుకు పది నిముషాలు ముందు పద్మనాభ ఫోన్ చేశాడు. "బంతు సార్! ఎల్లా బంతు!" అన్నీ వచ్చాయట. హిమజ నా ఫోన్ లాక్కుని ఆయనకు ఆరుసార్లు థాంక్స్ చెప్పింది. నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు.

శనివారం సంఘం మీటింగులో ఓనర్లు పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పారు. "డ్రైవర్లు చదివేది ఉత్త మాట," అన్నాడొక పెద్దాయన.

హిమజ వాదించలేదు. "వెంకటరామన్నా, రా," అంది.

కుంటుకుంటూ వచ్చాడాయన. పేజీ తెరిచాడు. పెదాలు ఒకసారి కదిలాయి. తర్వాత హాలంతా వినపడేలా చదివాడు. "రక్తం కారుతుంటే గుడ్డతో గట్టిగా అదిమి పట్టు. భయపడొద్దు. నువ్వు కాపాడగలవు." చదవడం ఆపి తన కాలు చూసుకున్నాడు. "ఈ పుస్తకం పోయినేడు ఉంటే నేను సరిగ్గా నడుస్తాంటి," అన్నాడు.

వెనక నిలబడ్డ డ్రైవర్లు ఈలలేశారు. చేతులెత్తమంటే ఎత్తని ఓనరు లేడు. ఇంద్రసేనగారు చెయ్యి అందరికన్నా ఆలస్యంగా లేపారు, కళ్ళు తుడుచుకుంటూ ఉండటం వల్ల. నేను గోడకానుకుని పెద్ద మగవాడిలా నిలబడ్డాను గానీ, నా కళ్ళూ నీళ్ళే.

బయట హిమజ నన్ను పట్టుకుంది. "ఆదివారం చూపులు లేవు."

"అయ్యో," అన్నాను, పళ్ళన్నీ కనపడేలా.

"నీకొకటి చెప్పల్ల. నేను ముందు ప్రేమించింది ఆ అక్షరాల్ని. రాసినోడు యాడుంటాడోనని వెతికినా. చూస్తే పెద్దాయన, పెండ్లయినోడు. ఏం జేద్దాం, కొడుకుతో సర్దుకుంటా."

"మేడమ్..."

"ఇంకొకసారి మేడమ్ అంటే డబ్బాలైపోతావు."

"హిమజా," అన్నాను. ఎంత బాగా వచ్చిందో ఆ పేరు.

ఆయుధపూజ నాడు ఇంద్రసేనగారు పదిహేనో టిప్పరుకు పేరు రాయమని నాన్నకు కబురు చేశారు. స్టిక్కరు వద్దట, చేత్తోనే రాయాలట. మా రెండిళ్ళ వాళ్ళం బండి ముందు చేరాం. నాన్న నుదుటి మీద హిమజ పేరు రాసి నిచ్చెన దిగాడు.

హిమజ అవ్వ యశోదమ్మ కళ్ళద్దాలు సర్దుకుంది. "ఏం కోటిలింగం, నడిమధ్య రాయకుండా పక్కకు రాసినావే? ఆడంత జాగా యాల?"

"నేనే వదలమంటి అమ్మా," అన్నారు ఇంద్రసేనగారు. నా వైపు చూసి మీసంలో నవ్వారు. "ఆడ ఇంటి మనుషుల పేర్లే రాస్తారంట గదా. కోటిలింగం, నీ కొడుకు పేరు రాయప్పా."

నాన్న కుంచె రంగులో ముంచాడు. హిమజ ఆ కుంచె లాక్కుని చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి నిచ్చెనెక్కింది. వీరేష్ అని రాసింది. వీ వంకరపోయింది, రే పక్కింటికి బయల్దేరింది, ష్ కింద రంగు కారి రేడియేటరు దాకా వచ్చింది. డ్రైవర్లు కేకలేశారు. అవ్వ కొబ్బరికాయ కొట్టింది.

నాన్న గుడ్డ తీసుకుని ముందుకొచ్చాడు. "సరిచేసేదారా?"

"వద్దు నాయనా," అన్నాను. "దానికి మాత్రం తాళమేసెయ్."