పక్కన పెట్టిన గుప్పెడు

ఆ కాగితం తొమ్మిది రోజులుగా డైనింగ్ టేబుల్ మీద ఆవకాయ సీసా కింద ఉంది. చైతన్య రోజూ ఆవకాయ వేసుకుంటున్నాడు, సీసాను మళ్లీ దాని మీదే పెడుతున్నాడు, కాగితాన్ని మాత్రం చూడనట్టే ఉంటున్నాడు. నిమ్మకు నీరెత్తినట్టు ఉండటంలో అతన్ని మించినవాడు ఈ జర్మనీ ఊళ్లో, బ్రెమెన్ మొత్తంలో లేడు. కానీ ఈ శనివారం పొద్దున అలా కుదరలేదు. సోమవారంలోగా సంతకం చేసి పంపకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తామని ఫామ్ నుంచి మెయిల్ వచ్చింది.

అది అతని కూతురు సంయుక్త అవుస్‌బిల్డుంగ్ కాంట్రాక్టు. పదో తరగతి ముగించిన పిల్ల, ఊరికి గంట దూరంలో ఆవులూ బంగాళాదుంపలూ ఉన్న ఫామ్‌లో మూడేళ్లు పనిచేస్తూ వ్యవసాయం నేర్చుకుంటానంటోంది. పదిహేడేళ్లే కాబట్టి తల్లిదండ్రులిద్దరి సంతకాలూ కావాలి. తల్లి భావన మొదటి రోజే పెట్టేసింది. పక్క గీత ఖాళీగా ఉంది.

“ఏవండీ, ఉప్మా చల్లారిపోతోంది. తిని, దానికేదో ఒకటి చెప్పండి,” అంది భావన.

“చెప్పాగా. ముందు స్కూలు చివరిదాకా చదివి అబిటూర్ పరీక్ష రాయమను. తర్వాత నేను చదివిన క్లాస్తాల్ యూనివర్సిటీలోనే ఇంజనీరింగ్ చెయ్యమను. అప్పటికీ పేడ ఎత్తాలనిపిస్తే చూద్దాం.”

“నాన్నా, ఈస్టర్ సెలవుల్లో ఆ ఫామ్‌లోనే పని చూసి నేర్చుకునే ప్రాక్టికుమ్ చేశాను కదా,” అంది సంయుక్త. “రెండు వారాలూ పొద్దున్నే ఐదింటికి లేచాను. ఎవరూ లేపలేదు. స్కూల్‌కి నన్ను లేపడానికి మీరెంత అరుస్తారో మీకే తెలుసు.”

మాట సబబుగానే ఉంది. సబబుగా ఉన్న మాటకు జవాబు దొరకనప్పుడు మగవాళ్లు చేసే పనే చైతన్యా చేశాడు. గొంతు పెంచాడు.

“మా పున్నయ్య తాత గురించి నీకేం తెలుసే? తెనాలి దగ్గర సొంతూళ్లో గతిలేక, ఇరవై ఏళ్లకే నిజామాబాద్ వలస వచ్చాడు. ముళ్లపొదలు కొట్టి, రాళ్లు ఏరి, వలసొచ్చినవాళ్ల క్యాంపులో ఆరెకరాలు మడి చేశాడు. మా నాన్న ఆ మడిలోనే ముసలాడైపోయాడు. ఇదంతా ఎందుకు? నేను కుర్చీలో కూర్చోవాలని. నువ్వు తిరిగి మట్టిలోకి దిగుతానంటే వాళ్ల కష్టానికి అర్థమేంటి?”

సంయుక్త కళ్లలో నీళ్లు తిరిగాయి. “అయితే ముత్తాతకి నేనంటే సిగ్గేనా నాన్నా?” అని అడిగింది.

కిటికీ పక్కన కూర్చుని, టర్కీవాళ్ల కొట్టు నుంచి తెచ్చిన కొత్తిమీర కట్ట విప్పి ఆకు వలుస్తున్న కౌసల్య చేతులాగాయి. చైతన్య తల్లి ఆమె. మూడు నెలల వీసా మీద వచ్చి, కొడుకు ఇంటి విషయాల్లో తల దూర్చకూడదని ఒట్టు పెట్టుకుంది. ఆ ఒట్టును ఆ పూటకి గట్టు మీద పెట్టింది.

“ఏరా, మీ తాత గతిలేక వచ్చాడని ఎవరు చెప్పారు నీకు?”

“అందరూ అదేగా అంటారమ్మా.”

“అంటారు. ఆయనా అననిచ్చాడు. వాళ్ల నాన్న తెనాలి రైసు మిల్లులో గుమాస్తా పని చూసిపెట్టాడురా ఆయనకి. నీడపట్టున ఉజ్జోగం. వద్దు, నేను సేద్యం చేస్తానని బండి కట్టుకొచ్చేశాడు మీ తాత.”

చైతన్య చెంచా కింద పెట్టాడు.

“మనవైపు కొత్త నేలకి పోయేవాడికి ఇంటి పెద్ద కండువా కొంగున విత్తనం కట్టి పంపాలి. వాళ్ల నాన్న కట్టలేదు. వీపు తిప్పుకుని కూర్చున్నాడంట. మళ్లీ వాళ్లు కలుసుకోలేదు, ఆ పెద్దాయన పోయాడు. ఏరువాక నాడు మీ తాత మొదటి గుప్పెడు ఏం చేసేవాడో గుర్తుందా?”

గుర్తుంది. తాత తొలి గుప్పెడు వడ్లు చల్లకుండా గట్టు మీద ఆకులో పెట్టి పక్కకు తిరిగేవాడు. పిచ్చుకలు తినిపోయేవి.

“పిచ్చుకల కోసమనుకున్నానమ్మా.”

“నేనూ అట్టాగే అనుకుని, కాపురానికొచ్చిన కొత్తలో అడిగా. ‘మా నాయన ఇవ్వని గింజ అది కోడలా, ఆయన వాటా ఆయనకి పెడుతున్నా’ అన్నాడు. యాభై ఏళ్లు పెట్టాడురా. పంట పండిందని ఏనాడూ కడుపునిండా నవ్వలేదు మహానుభావుడు.”

చైతన్యకు తాత వీపు కనిపించింది. దాని వెనకే, తానెప్పుడూ చూడని ఇంకో ముసలాయన వీపు కనిపించింది. తొమ్మిది రోజులుగా తనూ అట్లాగే కూర్చున్నానని తెలిసొచ్చింది. కళ్లు తుడుచుకోవడానికి సిగ్గుపడలేదు. ఆవకాయ సీసా పక్కకు జరిపాడు. కాగితం మీద నూనె మరక గుండ్రంగా పడింది. దాని పక్కనే సంతకం పెట్టాడు.

“నూనె మరకతో పంపితే తీసుకుంటారా?” అని గొణిగాడు.

“ఫామ్ ఓనరు ఫ్రావ్ హింక చేతికి ఎప్పుడూ ట్రాక్టర్ గ్రీజే ఉంటుంది నాన్నా,” అని ఏడుస్తూనే నవ్వింది సంయుక్త. భావన తొమ్మిది రోజుల తర్వాత మొదటిసారి హాయిగా ఊపిరి పీల్చుకుంది.

చైతన్య వంటగదిలోకి వెళ్లి డబ్బాలన్నీ మూతలు తీసి చూశాడు. చివరికి ధనియాలు గుప్పెడు తీసుకుని, చపాతీ పీట మీద పోసి, అప్పడాల కర్రతో మెల్లగా దొర్లించాడు. గింజ రెండు బద్దలవుతుంటే వాసన ఇల్లంతా పరుచుకుంది.

“ఏం చేస్తున్నారండీ?” అంది భావన.

“పగలగొట్టకుండా వేస్తే సరిగా మొలవవు.” పాతికేళ్లు కంప్యూటర్ ముందు కూర్చున్న చేతులు ఆ సంగతి మరిచిపోలేదు. కొక్కేనికి వేలాడుతున్న కూతురి స్కార్ఫ్ తెచ్చి, దాని కొంగున బద్దలు పోసి, రెండు ముళ్లు వేసి, పిల్ల చేతిలో పెట్టాడు.

“వెళ్లి రా తల్లీ. బాగా పండించు.”

సంయుక్త ఆ ముడిని రెండు చేతులతో పట్టుకుని నాయనమ్మ దగ్గరకు వెళ్లింది.

“నాయనమ్మా, మరి నేనూ మొదట కొంచెం తీసి పక్కన పెట్టాలా?”

కౌసల్య మనవరాలి తల నిమిరింది.

“అక్కర్లేదమ్మా. అన్నీ చల్లెయ్.”