పద్దెనిమిదేళ్ల మోచేయి నొప్పి

పెద్ద పెట్టె మంచం మీద తెరిచి ఉంది. అత్తగారు అల్లుడి బట్టలు సర్దుతోంది. ఉన్ని చొక్కాలు అడుగున పెట్టింది. విమానం దిగగానే చలేస్తే అడుగునుంచి ఎలా లాక్కుంటాడని మళ్లీ పైకి తీసింది. అలా మార్చడం అది మూడోసారి.

"అమ్మా, అవి ఇస్త్రీ చేసినవి. నువ్వు సర్దేకొద్దీ నలిగిపోతున్నాయి," అంది కూతురు వంటింట్లోంచి వస్తూ. "టాక్సీ పదకొండింటికి. ఇంకా మూడు గంటలుంది. నీ కంగారు చూస్తుంటే నాకు కాలూ చెయ్యీ ఆడట్లేదు."

"కంగారు నాతోపాటే పుట్టింది. ఇప్పుడు పొమ్మంటే ఎక్కడికి పోతుంది? నూనె సీసా పెట్టావా?"

"మూత బిగించి రెండు సంచుల్లో చుట్టాను. అక్కడ ఆయన మోచేతికి ఎవరు రాస్తారో మరి."

"తనే రాసుకోవాలి, ఎడం చేత్తో. ఏం చేస్తాం."

అల్లుడు ఒకప్పుడు బేస్‌బాల్ ఆడేవాడు. మైదానం మధ్య మట్టిదిబ్బ మీద నిలబడి బంతి విసిరే పిచ్చర్. ఇంజనీరింగ్ చదువుతూనే పెద్ద జట్టులో చోటు సంపాదించాడు. కూతురు అతన్ని మొదట చూసింది ఆ దిబ్బ మీదే. పెళ్లికి నెల ముందు కుడి మోచేతిలో నరం తెగిందనీ, ఇక విసరకూడదని డాక్టరు అన్నాడనీ చెప్పాడు. ఆట మానేసి వంతెనలు తనిఖీ చేసే ఆఫీసులో ఇంజనీరుగా చేరాడు. అప్పటినుంచీ ఆ ఇంట్లో అతని కుడిచేతిని గాజుబొమ్మలా చూసుకున్నారు. గ్యాస్ బండ ఎత్తనిచ్చేవారు కాదు. చలికాలం వచ్చిందంటే రోజూ సాయంత్రం అత్తగారు నూనె వెచ్చబెట్టి ఆ మోచేతికి మర్దన చేసేది. అలా పద్దెనిమిది చలికాలాలు.

ఐదేళ్లుగా ఆదివారాలు వీధి చివర మైదానంలో పిల్లలకు ఆట నేర్పుతున్నాడు. వంతెన మీద బరువు ఎక్కడ పడుతుందో లెక్కగట్టినట్టే, విసిరే చేతి మీద భారం ఎక్కడ పడుతుందో బొమ్మలు గీసి చూపిస్తాడు. "మోచేయి పైకి!" అని గొంతు పోయేలా అరుస్తాడు కాబట్టి పిల్లలు 'మోచేయి మాస్టారు' అని పేరు పెట్టారు. ఆ బొమ్మలు చేతులు మారి మారి ఎక్కడో ఒక దేశపు జట్టువాళ్ల కంటబడ్డాయి. తమ కుర్ర పిచ్చర్లకు రెండేళ్లు శిక్షణ ఇమ్మని కబురు చేశారు. నలభై మూడేళ్ల వయసులో అతను ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశాడు.

"కాయితాల కవరు పైన పెట్టమ్మా," అని కూతురు మళ్లీ వంటింట్లోకి వెళ్లింది.

అచ్చులో ఏది కనబడినా చదవందే వదలదు పెద్దావిడ. బడికి వెళ్లి నేర్చిన చదువు కాదు, పొట్లాల కాయితాల మీద కూడబలుక్కుని నేర్చుకున్నది. కవరులో అన్నిటికన్నా పైన, ప్రయాణం కోసం చేయించిన డాక్టరు పరీక్ష కాయితం ఉంది. వేలు పెట్టి ఒక్కో వరుసా చదివింది. గుండె, చూపు, రక్తపోటు. ఆ తర్వాత, 'కుడి మోచేయి: పాత గాయం ఆనవాళ్లు లేవు. బలం, కదలిక పూర్తిగా బాగున్నాయి.'

వేలు అక్కడే ఆగిపోయింది.

"ఏంటమ్మా అలా ఉన్నావు?" కాఫీ గ్లాసుతో వచ్చిన కూతురు కాయితం లాక్కుని చదివింది. గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టింది. "ఏమండీ! ఒకసారి ఇటు రండి."

అల్లుడు సగం గడ్డం గీసుకుని, బుగ్గ మీద నురగతో వచ్చాడు.

"ఇదేంటి?"

అతను కాయితం చూశాడు. నురగ తుడుచుకున్నాడు. "మర్చిపోయాను. ఆ కాయితం విడిగా దాచాల్సింది."

"దాచాల్సింది! ఎంత చల్లగా అంటున్నారండీ! మీ ముందు మీరాడిన రోజుల మాట ఎత్తకూడదని పద్దెనిమిదేళ్లు నోరు కట్టుకున్నాను. టీవీలో మ్యాచ్ వస్తే పరుగెత్తుకెళ్లి కట్టేశాను. అమ్మ చూడండి, కీళ్లనొప్పులు పెట్టుకుని మీ చేతికి సేవ చేసింది. బాగున్న చేతికి!"

"తప్పే."

"తప్పని తెలుసు. ఎందుకు మానేశారు?"

అతను అత్తగారి వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతున్నాడో ఆవిడకొక్కదానికే తెలిసింది.

"భయమేసింది," అన్నాడు. "నాకన్నా బాగా విసిరేవాళ్లు వస్తున్నారు. ఓడిపోయి మానేసే బదులు దెబ్బ తగిలిందంటే పరువు దక్కుతుందనుకున్నాను."

"పిరికివాణ్ణి కట్టుకున్నానన్నమాట. వెళ్లండి. టాక్సీ దాకా కూడా రాను."

"అమ్మాయ్, ఆగు," అంది పెద్దావిడ. మంచం పట్టె పట్టుకుని కూర్చుంది. "ఆయన మళ్లీ అబద్ధం చెబుతున్నాడు. మానెయ్యమన్నది నేను."

"అత్తయ్యా, వద్దు."

"మీరు ఊరుకోండి బాబూ. పెళ్లి మాట ఎత్తిన రోజున నువ్వు లేకుండా చూసి ఆయన్ని అడిగానే. నెలకు ఇరవై రోజులు జట్టుతో ఊళ్లు తిరిగేవాడికి నా పిల్లనివ్వను, ఒక చోట కుదురుగా ఉండే ఉద్యోగం చూసుకో అన్నాను. నేనడిగానని దానికి తెలియకూడదని కూడా అన్నాను. సరుకు లారీ మీద వెళ్లి తిరిగిరాని మీ నాన్న కోసం నీకు ఏడేళ్లొచ్చేదాకా తలుపు గొళ్లెం పెట్టకుండా పడుకున్నదాన్ని. నాకు వచ్చిన బుద్ధి అదే."

కూతురు తల్లి వైపు తిరిగింది.

"నెల తిరక్కుండా నరం తెగిందన్నాడు. అయ్యో అన్నాను గానీ, లోపల ఊపిరి పీల్చుకున్నాను. నా మాట కాదు, దెబ్బే ఆట మాన్పించింది కదా అనుకున్నాను. ఆ సంతోషపడ్డ పాపానికే నూనె రాశానే ఇన్నాళ్లూ. చివరికి మాన్పించింది నేనే."

"నేనే ఒప్పుకున్నాను అత్తయ్యా. ఎవరూ నా చెయ్యి విరగ్గొట్టలేదు. నిజం చెబితే మీ అమ్మాయి మీతో మాట్లాడదని ఆ మాట అల్లాను. తర్వాత మీరు నూనె గిన్నెతో వచ్చి కూర్చుంటుంటే చెప్పే ధైర్యం రాలేదు. పైగా," అని కాస్త నవ్వాడు, "మా అమ్మ పోయాక నా చెయ్యి అంత ప్రేమగా పట్టుకున్నవాళ్లు లేరు."

కూతురు అతని కుడిచెయ్యి పట్టుకుని అడిగింది. "మళ్లీ ఎప్పుడూ విసరలేదా?"

"విసిరాను. వంతెనల తనిఖీకి వెళ్లినప్పుడు. పనివాళ్లు భోజనాలకు వెళ్లాక కింద స్తంభానికేసి విసిరేవాణ్ణి."

"ఎన్నాళ్లు?"

"మొన్న శుక్రవారం దాకా."

కూతురు ఏడ్చింది. అతని భుజం మీద చేత్తో రెండు దెబ్బలు వేసి, అక్కడే తల ఆనించి ఏడ్చింది. "నేను చూడాల్సింది కదండీ అది. చూద్దామనే కదా మిమ్మల్ని చేసుకున్నాను."

పెద్దావిడ లేచి వచ్చి కూతురి వీపు నిమిరింది. "ఇప్పుడు చూడు. నువ్వు పాఠాలు చెప్పే బడిలో సెలవు దొరకగానే వెళ్లు. అక్కడ పిల్లలకు విసిరి చూపిస్తాడుగా."

"నిన్ను ఒక్కదాన్నీ వదిలేసా?"

"నన్నెవరు ఎత్తుకుపోతారే? మిమ్మల్ని పట్టుకుని కూర్చుంది చాలు. వెళ్లమంటున్నాను, విను."

టాక్సీ పది నిమిషాలు ముందే వచ్చింది. అల్లుడు పెట్టెను కుడిచేత్తో ఎత్తి మెట్లు దిగాడు. కూతురు విమానాశ్రయం దాకా వెళ్లి సాగనంపి వచ్చింది. ఆ సాయంత్రమే పెద్దావిడ సొంతంగా కూతురి ప్రయాణానికి తేదీ పెట్టింది. వెళ్లనా వద్దా అని కూతురు మధ్యలో రెండుసార్లు తటపటాయిస్తే, రెండుసార్లూ తనే ఒప్పించింది. జూలై తొమ్మిదిన విమానం ఎక్కించింది.

ఒప్పందం ప్రకారం అల్లుడు రెండేళ్లకు తిరిగొచ్చాడు. కూతురు రాలేదు. వెళ్లిన పదమూడు రోజులకు, జూలై ఇరవై రెండున, అక్కడి ఆసుపత్రిలో జ్వరంతో పోయింది.