రెండో లైన్‌కి తిరుగుదారి లేదు

"చిలక మనల్ని అమ్మేసింది," అన్నాడు గూఢచారి శాఖ పెద్దాయన, కళ్లజోడు తుడుచుకుంటూ.

డేగ, చిలక ఇద్దరివీ మారుపేర్లే. డేగ మొహంలో ఏమీ కనిపించనివ్వలేదు. ఏజెంట్ కదా, జీతం ఇచ్చేదే అందుకు. ఇప్పుడు విదేశీ ముఠాలో మన తరఫున దూరిన చిలక, అంతకుముందు ఒక మిషన్ కోసం మూడేళ్లు అతనికి భార్యగా నటించింది. మిషన్ అయిపోగానే ఆమె నటన ఆపేసింది. ఈ పిచ్చిమారాజు ఆపలేకపోయాడు.

బ్రీఫింగ్ పొట్టిగా సాగింది. డ్యామ్ కంట్రోల్ ఆఫీసులో ఫైర్‌వాల్ చూసేది, అంటే నెట్ వైపు కాపలా కాసేది, చిలకే. ఇవాళ అక్కడికి రెండో ఇంటర్నెట్ లైన్ వస్తోంది. దాంతో వచ్చే కొత్త అడ్రసుల వరసని, అంటే పబ్లిక్ ఐపీ రేంజ్‌ని ఫైర్‌వాల్‌లో కలిపేటప్పుడు ముఠా కోసం తలుపు బార్లా తెరిచి పెడుతుంది. మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి వాళ్లు లోపలికి దూరి గేట్లన్నీ ఎత్తేస్తారు. దిగువన ఊరికి ఊరే కొట్టుకుపోతుంది.

"ఆపు. ఆమె అడ్డొస్తే..." పెద్దాయన ఒక పెన్ను ముందుకు జరిపాడు. నొక్కితే విషపు సూది.

ఏసీ మెకానిక్ వేషంలో, భుజాన నిచ్చెనతో డేగ సర్వర్ రూమ్‌లో అడుగుపెట్టాడు. కంప్యూటర్ ముందు చిలక. ఎర్రటి లిప్‌స్టిక్, చెవులకు ముత్యాల దుద్దులు. పాడు మనిషి, ఇంకా అంత అందంగానే ఉంది.

"ఏసీ బాగానే ఉందే," అంది చిలక.

"కీబోర్డు మీంచి చెయ్యి తియ్యి."

ఆమె దుద్దుని వేలితో తట్టింది. డేగ పట్టించుకోలేదు. అతని చూపంతా స్క్రీన్ మీదే. కొత్త రేంజ్ ఎదురుగా, అన్నిటికీ అనుమతి!

"ఎందుకే ఇలా చేశావ్?" అన్నాడు డేగ.

"ఒక్క నిమిషం ఆగవయ్యా. నన్ను నమ్ము."

గడియారంలో ముళ్లు కలవబోతున్నాయి. ఆమె వేలు కీ మీదికి జరిగింది. డేగ పెన్ను ఆమె భుజానికి ఆనించి నొక్కాడు.

చిలక అతని చేతుల్లోకి ఒరిగిపోయింది. ఓపిక కూడదీసుకుని దుద్దు పీకి విసిరేసింది. అందులో మైకు. ముఠా వింటోంది కాబట్టే అసలు సంగతి చెప్పలేదు.

"కిందికి... జరుపు," అంది. అంతే.

డేగ స్క్రీన్ కిందికి జరిపాడు. రూట్ల పేజీ, ఏ జవాబు ఏ లైన్లోంచి పోవాలో రాసే చోటు. కొత్త రేంజ్‌కి తిరుగుదారి పెట్టనే లేదు. కొత్త లైన్లో వచ్చిన పిలుపుకి జవాబు పాత లైన్లోంచి పోతుంది, అక్కడ ఎవరిదో తెలియని సరుకని పారేస్తారు. కనెక్షన్ కలవనే కలవదు. కొత్త రేంజ్ కలిపే కుర్రాళ్లంతా మర్చిపోయేది ఇదేనని ఆ మూడేళ్లూ అన్నం తినేటప్పుడు రోజూ విసుక్కునేది చిలక. అలాంటిది తను మర్చిపోతుందా!

తెరిచిన తలుపు ఫోటో పంపి ముఠాని నమ్మించిందన్నమాట, పెద్దాయన కూడా అదే నమ్మాడు.

పన్నెండైంది. గేట్లు కదల్లేదు. ముఠావాళ్లు తలుపు తడుతూనే ఉన్నారు, తట్టిన ప్రతివాడి అడ్రసూ రాకపోకల చిట్టా అయిన లాగ్‌లోకి ఎక్కుతోంది. ఆమె వేలు జరిగింది అదంతా పెద్దాయనకి పంపడానికే. డేగ ఆ కీ నొక్కాడు. ఆమె తలని ఒళ్లో పెట్టుకున్నాడు.

"నాది నటన కాదే, ఏనాడూ నటన కాదే," అని వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఫోన్ మోగింది. "శభాష్ డేగా! ముఠా మొత్తం ఎక్కడెక్కడుందో దొరికిపోయింది. చిలక సంగతేంటి?"

"మన మనిషే సార్. చివరిదాకా."

అవతల పెద్దాయన ఫోన్ పెట్టేశాడు.

బయటికొస్తుంటే ఆఫీసు గేటు దగ్గర గార్డు పలకరించాడు. "ఏసీ బాగైందా అన్నా?"

"అసలు పాడైతే కదయ్యా బాగవడానికి," అని డేగ నిచ్చెన భుజం మార్చుకున్నాడు.